బౌదవైన్ డ ఖ్రోట్ వాగ్గేయకారుడేనా? ఒక డచ్ గాయకుడి పాటల్లో మాట ఎవరిది, బాణీ ఎవరిది

నెదర్లాండ్స్‌లో ఏటా క్రిస్మస్ రోజు నుంచి డిసెంబరు 31 అర్ధరాత్రి దాకా రేడియో 2 రాత్రింబగళ్లు ఒకే పని మీద ఉంటుంది. శ్రోతల ఓట్లతో తయారైన 2000 పాటల జాబితాను అడుగు నుంచి మొదలుపెట్టి ఒకటో స్థానం దాకా వరసగా వినిపిస్తుంది. 1999లో మొదలైన ఈ 'టాప్ 2000'లో తొలి ఏళ్లన్నిటా మొదటి స్థానం బ్రిటిష్ బృందం క్వీన్ పాడిన 'బొహీమియన్ రాప్సొడీ'దే. 2005లో మాత్రం ఒక డచ్ పాట దాన్ని కిందికి దించింది. ఆ పాట పేరు 'ఆవొంట్', అంటే సాయంత్రం. జాబితాలో పాట పక్కన కనిపించిన పేరు బౌదవైన్ డ ఖ్రోట్. అయితే ఆ పాటలోని మాటలు ఆయనవి కావు. వాటిని రాసిన లెనార్ట్ నైఖ్ అప్పటికి మూడేళ్ల కిందటే, 2002 నవంబరు 28న, హార్లెమ్ నగరంలో కన్నుమూశాడు.

డ ఖ్రోట్ గురించి ఎక్కడ చదివినా ముందుగా తగిలే విశేషణం 'సింగర్ సాంగ్‌రైటర్'. అది చదివి ఆయన ప్రసిద్ధ పాటల రచయితల పేర్లు చూసినవారికి తికమక తప్పదు. ఎందుకంటే ఒక్కో పాట దగ్గర ఒక్కో లెక్క కనిపిస్తుంది. కొన్నిటికి బాణీ ఆయనది, మాట ఇంకొకరిది. కొన్నిటికి బాణీ ఆయనదైనా మాట ఒకరిది, గొంతు మరొకరిది. ఆయనకు పేరు తెచ్చిన తొలి పాటలో ఈ రెండూ ఆయనవి కావు. ఈ లెక్కలను విడదీసి చూస్తే తప్ప ఆయన రికార్డులు ఎందుకు అన్నిసార్లు రంగు మార్చాయో అర్థం కాదు.

పేర్ల ఉచ్చారణ గురించి ఒక మాట. డచ్ భాషలో ఈ 'ఖ' గొంతు లోపలి నుంచి గరగరమంటూ వస్తుంది. తెలుగు అక్షరం దానికి దగ్గరి చుట్టమే తప్ప అదే కాదు. 'డ ఖ్రోట్' అంటే 'పెద్దవాడు' అని అర్థం.

ఒక పాటలో మూడు పనులు

తెలుగులో ఈ విషయానికి ఇంగ్లిషు కంటే పదునైన మాట ఉంది. వాక్కునూ గేయాన్నీ, అంటే సాహిత్యాన్నీ స్వరాన్నీ ఒక్కరే కూర్చి పాడితే ఆయన వాగ్గేయకారుడు. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య ఆ కోవకు చెందినవారు. 'సాంగ్‌రైటర్' అన్న మాటలో ఈ స్పష్టత లేదు. బాణీ మాత్రమే కట్టినవారినీ, మాటలు మాత్రమే రాసినవారినీ, రెండూ చేసినవారినీ ఆ ఒక్క మాటతోనే పిలుస్తారు. దానికి ముందు 'సింగర్' చేరేసరికి, బాబ్ డిలన్ లాగా తన మాట తానే రాసుకుని తన గిటారుతో పాడుకునే మనిషి బొమ్మ వినేవారి మనసులో కుదురుకుంటుంది. డ ఖ్రోట్ 1960లలో గిటారు పట్టుకుని ఒంటరిగా పాడుతూ కనిపించడంతో ఆ బొమ్మ ఆయనకు అతుక్కుపోయింది.

ఆ కాలపు చిన్న రికార్డు మధ్యలోని గుండ్రటి కాగితాన్ని చూస్తే వ్యవహారం తేలిపోతుంది. పాట పేరూ గాయకుడి పేరూ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. కర్తల పేర్లు చిన్న అక్షరాల్లో, చాలాసార్లు ఇంటిపేర్లుగా మాత్రమే, ఒక మూల ఉంటాయి. డ ఖ్రోట్ కథంతా ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది.

ఒకే వీధి కుర్రాళ్లు

డ ఖ్రోట్ 1944 మే 20న బటావియాలో, అంటే నేటి జకార్తాలో పుట్టాడు. అప్పుడు ఆ దీవులు జపాన్ ఆక్రమణలో ఉన్నాయి, అక్కడి డచ్ పౌరులు నిర్బంధ శిబిరాల్లో ఉన్నారు. ఆయన పుట్టిందీ అలాంటి శిబిరంలోనే. తల్లి 1945లో శిబిరంలోనే చనిపోయింది. యుద్ధం ముగిశాక, 1946లో, పిల్లలను నెదర్లాండ్స్‌కు తీసుకొచ్చారు. బౌదవైన్ హార్లెమ్‌లో మేనత్త దగ్గర కొన్నాళ్లు పెరిగి, తర్వాత తండ్రి కుటుంబంతో పక్కనే ఉన్న హేమ్‌స్టేడకు చేరాడు. అదే వీధిలో ఉండే కుర్రాడు లెనార్ట్ నైఖ్. 1945 జనవరి 29న పుట్టినవాడు, అంటే డ ఖ్రోట్ కంటే ఎనిమిది నెలలు చిన్న.

ఇద్దరికీ మొదట పిచ్చి సినిమా మీదే. ఇద్దరూ ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఫిల్మ్ అకాడమీ మెట్లెక్కారు. నైఖ్ కుర్రతనంలో తీసిన ఒక చిన్న సినిమాలో డ ఖ్రోట్ గిటారుతో పాడాడు. అది చూసిన ఒక టీవీ వార్తల పాఠకుడు ఆయన్ని రికార్డు కంపెనీ దాకా చేర్చాడు. 1964లో తొలి రికార్డులు వచ్చాయి. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగు పాటలు, నాలుగు లెక్కలు

తొలి విజయం 1965లో 'పదహారేళ్ల అమ్మాయి'తో వచ్చింది. అది షార్ల్ అజ్నవూర్ ఫ్రెంచి పాటకు డచ్ రూపం. డచ్ మాటలు నైఖ్‌వి. బాణీ ఫ్రాన్సు నుంచి వచ్చింది, మాటలు పక్కింటి నుంచి వచ్చాయి, డ ఖ్రోట్ నుంచి వచ్చింది గొంతు మాత్రమే. ఈ పాట వరకూ ఆయన కేవలం గాయకుడు.

1966 నాటి 'శుభరాత్రి, అధ్యక్షుడు గారూ' లెక్క వేరు. మాట నైఖ్‌ది, బాణీ, గొంతు డ ఖ్రోట్‌వి. ఆయన వృత్తి జీవితంలో ఎక్కువ పాటలకు వర్తించే సూత్రం ఇదే. 'ఆవొంట్' కూడా ఈ కోవలోదే.

మూడో లెక్కకు 1969 నాటి 'పాస్టొరాల' మంచి ఉదాహరణ. మాట నైఖ్‌ది, బాణీ డ ఖ్రోట్‌ది, పాడింది రామ్‌సెస్ షాఫీ, లీస్‌బెట్ లిస్ట్. రాబ్ డ నైస్ పాడిన 'మల్ల బబ్బ' కూడా అంతే. ఈ పాట దగ్గర కాసేపు ఆగాలి. మల్ల బబ్బ అన్నది హార్లెమ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ 17వ శతాబ్దంలో గీసిన చిత్రం పేరు. ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. చేతిలో మూత ఉన్న పెద్ద సారా చెంబు, భుజం మీద గుడ్లగూబ, పక్కకు తిరిగి పగలబడి నవ్వుతున్న ఒక ఆడమనిషి. ఆమెను నైఖ్ సారాకొట్టు పాటగా మార్చాడు: రాత్రిపూట ఆమె చుట్టూ మూగే మగవాళ్లే ఆదివారం చర్చిలో భార్యల పక్కన పెద్దమనుషులై కూర్చుంటారు. డ ఖ్రోట్ దానికి గ్లాసులు బల్లకేసి కొడుతూ అందరూ అందుకోగల బాణీ కట్టాడు. ఈ పాటను సొంతం చేసుకున్న గొంతు మాత్రం రాబ్ డ నైస్‌దే. డచ్ శ్రోతలకు అది నేటికీ ఆయన పాట.

నాలుగో లెక్కలో నైఖ్ ఉండడు. దాని సంగతి తర్వాత.

'నిరసన గాయకుడు' అన్న ముద్ర

'శుభరాత్రి, అధ్యక్షుడు గారూ' వియత్నాం యుద్ధం సాగిస్తున్న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌ను ఉద్దేశించిన జోలపాట లాంటిది. తెల్లటి ఇంట్లో హాయిగా నిద్రపొమ్మని మర్యాదగా చెబుతూనే, ఆ నిద్ర పట్టకుండా చేసే సంగతులన్నీ ఏకరువు పెడుతుంది. ఇక్కడి వెటకారం ఎందుకంత మర్యాదగా ఉందో తెలియాలంటే నాటి చట్టం సంగతి తెలియాలి. మిత్రదేశాధినేతను అవమానించడం నెదర్లాండ్స్‌లో నేరం. వీధుల్లో 'జాన్సన్ హంతకుడు' అని అరిచినవారిని పోలీసులు పట్టుకునేవారు. డచ్‌లో హంతకుడిని 'మోర్డనార్' అంటారు. దాంతో జనం 'జాన్సన్ మోలనార్' అని అరవడం మొదలుపెట్టారు. మోలనార్ అంటే పిండిమర నడిపేవాడు. ఆ మాట మీద కేసు పెట్టడం ఎవరి తరమూ కాదు. కోపాన్ని చట్టానికి దొరక్కుండా పలికే ఆ తెలివి నాటి గాలిలోనే ఉంది. నైఖ్ మాటలూ ఆ గాలి పీల్చినవే.

ఈ పాటతో డ ఖ్రోట్‌కు నిరసన గాయకుడన్న ముద్ర పడింది. ఆ ముద్ర ఎప్పుడూ ఆయనకు ఇబ్బందిగానే ఉండేది. నా ఉద్దేశంలో ఈ ఇబ్బందికి మూలం కూడా ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది. వేదిక మీద జవాబు చెప్పవలసినవాడు పాడినవాడు. ఆ వాక్యాలను ఎంచుకున్నవాడు ఇంట్లో కూర్చున్నాడు.

వెంటనే వచ్చిన 'మాస్, వాల్ నదుల నేల' ఆ ముద్రను చెరిపేంత దూరం వెళ్లింది. ఖెల్డర్లాండ్‌లో మాస్, వాల్ నదుల మధ్య ఆ పేరుతో నిజంగానే ఒక ప్రాంతం ఉంది, కానీ పాటలోని లోకం మ్యాపులో దొరకదు. ఆకాశం ఆకుపచ్చగా, సూర్యుడు నీలంగా ఉంటాడు. వాననీళ్లు పట్టే పెద్ద పీపాలో తగరపు బ్యాండు వాయిస్తూ ఉంటుంది. ఊరేగింపు కవాతు లాంటి ఆ బాణీ 1967లో డచ్ టాప్ 40 జాబితాలో మొదటి స్థానానికి చేరింది. రాజకీయం ఆశించి వచ్చినవారికి అందులో దొరికింది జాతర.

ఇరవై రెండేళ్లవాడు ఎవరు?

1966 చివర్లో వచ్చిన 'బతికి మిగిలినవారి కోసం' ఆల్బమ్‌లో 'టెస్టమెంట్' అనే పాట ఉంది. ఒక యువకుడు తన వీలునామా రాస్తున్నాడు. ఆస్తి ఏమీ లేదు. పంచిపెట్టవలసినవి చిన్ననాటి జ్ఞాపకాలూ, తీరని కోరికలూ, పాత పరిచయాలూ మాత్రమే. మొదటి వాక్యంలోనే తన వయసు 22 ఏళ్లని చెప్పుకుంటాడు. వినేవారు దాన్ని గాయకుడి ఆత్మకథ అనుకోవడం సహజం, నైఖ్ రాశాడని తెలిసినవారు నైఖ్ ఆత్మకథ అనుకోవడమూ సహజమే.

పుట్టిన తేదీలు వేసి చూద్దాం. ఆల్బమ్ వచ్చేనాటికి డ ఖ్రోట్‌కు 22 నిండి కొన్ని నెలలైంది. నైఖ్‌కు 22 నిండేది 1967 జనవరిలో. అంటే మాటలు ఒకరివి, వయసు ఇంకొకరిది. రచయిత తనను తాను ముందుకు జరుపుకున్నాడో, గాయకుడి నోటికి సరిపడే కొలత తీసుకుని 'నేను' అన్న మాట కుట్టాడో ఈ లెక్క ఒక్కటే తేల్చదు. అయినా ఆ పాటలో 'నేను' అన్న మాట ఇద్దరి మధ్య గోడ మీద కూర్చుని ఉందని మాత్రం తేలుతుంది. ఆయన పాటలన్నీ ఆయన మనసులోంచి వచ్చిన మాటలని నమ్మినవారు తప్పిపోయేది సరిగ్గా ఇక్కడే.

నైఖ్ పక్కన లేనప్పుడు

1967లో వచ్చిన 'పిక్నిక్' ఆల్బమ్ మీద ఆ ఏడాది బీటిల్స్ తెచ్చిన గాలి స్పష్టంగా వీస్తుంది: వాద్యబృందం పెరిగింది, స్టూడియో కూడా ఒక వాయిద్యమైంది. మరుసటి ఏడు డ ఖ్రోట్ నైఖ్‌ను వదిలి లూసియెన్ డ్యూజే అనే మరో రచయితతో 'నాఖ్ట్ ఎన్ ఒన్‌టై' చేశాడు. ఆ డచ్ నుడికారానికి తెలుగులో అచ్చమైన జోడీ ఉంది: 'అర్ధరాత్రి అపరాత్రి'. ఇదే నేను పైన చెప్పిన నాలుగో లెక్క. ఇందులో 'మంత్రగత్తెల జాతర' అన్న ఒక్క పాటే సుమారు 25 నిమిషాలు నడుస్తూ రికార్డు రెండో వైపునంతా ఆక్రమిస్తుంది. మూడు నిమిషాల పాటలతో ఇంటింటికీ చేరిన గాయకుడు రేడియో వేయలేని పాట చేశాడు. ఆయన్ని ప్రేమించిన జనంలో చాలామంది అక్కడ ఆగిపోయారు.

ఆ తర్వాత భాష కూడా మార్చాడు. 'టవర్' అనే బృందంతో ఇంగ్లిషులో పాడాడు. అది నడవలేదు. కొన్నాళ్లు డ్రెంథ ప్రాంతంలోని ద్వింగలో ఊళ్లో, పొలం మధ్య ఇంట్లో స్నేహితులతో కలిసి కాపురమున్నాడు. 1973లో తిరిగి వచ్చాడు. ఆ ఆల్బమ్ పేరు 'ఒంటరి సైకిలిస్టు ఎంత బలవంతుడో'. ఎదురుగాలిలో హ్యాండిల్ మీదికి వంగి తొక్కే మనిషి డచ్చివారికి కవిసమయమేమీ కాదు, రోజూ కిటికీలోంచి కనబడే దృశ్యం. ఆ మాట కొడుకు పేరు మీద కట్టిన 'జిమ్మీ' పాటలోది. నైఖ్ మళ్లీ కనిపించినా, ఈ ఆల్బమ్‌లో మాటలన్నీ ఒక్క చేతివి కావు.

కాబట్టి ఆయన ఆల్బమ్‌లను సంవత్సరాల వరసలో కాక, మాట రాసిన చేయి వరసలో చదవాలని నా సూచన. అప్పుడు 1968 నాటి ఆ చీకటి మలుపు గాయకుడి మతిమార్పుగా కాక, రచయిత మారిన ఫలితంగా కూడా కనిపిస్తుంది. 1996లో 'కొత్త ఆకురాలు కాలం' ఆల్బమ్‌లో 'ఆవొంట్'తో నైఖ్ మాట మళ్లీ వినబడితే, ముప్పై ఏళ్ల కిందటి గొంతే తిరిగొచ్చినట్టు శ్రోతలకు అనిపించడంలోని కిటుకూ తెలుస్తుంది.

ఇది రాక్ అవుతుందా?

ఈ ప్రశ్నకు రెండు పక్షాలున్నాయి, రెండిటికీ బలముంది. కాదనేవారు ఆనాటి డచ్ రాక్‌ను చూపిస్తారు. హేగ్ నగరపు బృందాలు ఇంగ్లిషులోనే పాడేవి. 'షాకింగ్ బ్లూ' బృందం పాడిన 'వీనస్' 1970 ఫిబ్రవరిలో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. 'గోల్డెన్ ఇయరింగ్' 1973లో 'రాడార్ లవ్'తో ప్రపంచమంతా తిరిగింది. 1960లో పీటర్ కూలవైన్ డచ్‌లో రాక్ అండ్ రోల్ పాడి మెప్పించినా, అది దారి కాలేదు. వీరి దృష్టిలో డ ఖ్రోట్‌ది ఫ్రెంచి షాన్‌సోన్‌కూ, డచ్ చిన్న రంగస్థల పాటకూ వారసత్వం. మాట వినబడడం కోసం వాయిద్యం తగ్గి ఉండే సంప్రదాయం.

అవుననేవారు 'పిక్నిక్', 'అర్ధరాత్రి అపరాత్రి' ఆల్బమ్‌లను ముందు పెడతారు. స్టూడియోను అలా వాడడం, ఒక వైపునంతా ఒకే పాటకు ఇవ్వడం ఆనాటి రాక్ సంగీతపు ధైర్యమే. డచ్ భాషలో ఆ పని చేయవచ్చని చూపినవారు అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే. 1980ల మొదట్లో 'డూ మార్' బృందం సొంత భాషలో పాడి కుర్రకారును ఉర్రూతలూగించేనాటికి, ఆ భాష పాప్‌కు పనికొస్తుందా అన్న అనుమానం పాతబడింది. నాకు రెండో పక్షం వైపే మొగ్గు, కానీ 'రాక్' అన్న మాట ఆయన పాటల్లో సగానికి కూడా సరిపోదని ఒప్పుకోక తప్పదు. ఆ తగవును వాళ్లే సరదాగా తీర్చినట్టున్నారు: 2017లో 'గోల్డెన్ ఇయరింగ్' గిటారిస్టు జార్జ్ కోయ్‌మన్స్, 'డూ మార్' బృందపు హెన్నీ వ్రీంటన్‌లతో కలిసి డ ఖ్రోట్ 'వ్రేమ్డ కొస్ట్‌ఖాంగర్స్' పేరుతో డచ్ పాటల ఆల్బమ్ చేశాడు.

చట్టం ఎవరిని లెక్కిస్తుంది

మాట, బాణీ, గొంతు వేరువేరన్న సంగతి రసజ్ఞులకే కాదు, కాపీరైటు చట్టానికీ ముఖ్యం. యూరప్‌లో రచయితల హక్కు మరణానంతరం 70 ఏళ్లు ఉంటుంది. ఇదివరకు చాలా దేశాల్లో మాటకూ బాణీకీ ఈ గడువును విడివిడిగా లెక్కించేవారు. ఆ పద్ధతిలో 2002లో పోయిన నైఖ్ మాటలు 2072 చివరికి అందరివీ అయ్యేవి, బాణీ మాత్రం కాదు. అప్పుడు 'టెస్టమెంట్'ను కవితగా అచ్చువేయవచ్చు గాని పాడితే అనుమతి కావాలి. 2011లో యూరోపియన్ యూనియన్ చేసిన మార్పుతో, ఒకదాని కోసం ఒకటిగా పుట్టిన మాటా బాణీ విషయంలో ఇద్దరు కర్తల్లో చివరగా కన్నుమూసినవారి నుంచి 70 ఏళ్లు లెక్కిస్తారు. అంటే స్నేహితుడి ఆయుష్షు నైఖ్ మాటల ఆయుష్షును కూడా పొడిగిస్తుంది.

గొంతుది ఇంకో లెక్క. రికార్డు మీది హక్కు మరణంతో ముడిపడదు, అది విడుదలైన ఏడుతో ముడిపడుతుంది. పాత నియమం ప్రకారం 50 ఏళ్లే గడువు. 1966 నాటి రికార్డింగుల హక్కు 2016 చివరికి ముగియవలసింది. అదే మార్పు దాన్ని 70 ఏళ్లు చేసింది కాబట్టి గడువు 2036 చివరి దాకా సాగింది. ఆ తర్వాత 1966లో పాడిన ఆ గొంతు మీద ఎవరి హక్కూ మిగలదు, కానీ అదే రికార్డులో వినబడే మాట మీదా బాణీ మీదా హక్కు అలాగే ఉంటుంది. 'పదహారేళ్ల అమ్మాయి' విషయంలో ఆ మిగిలే హక్కులో డ ఖ్రోట్‌కు ఏమీ రాదు. 'పాస్టొరాల' విషయంలో ఆయన పాడకపోయినా బాణీ వాటా వస్తుంది. 'ఆవొంట్' దగ్గర ఆ వాటాను ఒకే వీధి నుంచి వచ్చిన రెండు ఇంటిపేర్లు పంచుకుంటాయి.